బోగీలో సాగిన సేద్యపు చదువు

మొత్తం బోగీని అద్దెకు మాట్లాడుకుని దేశం తిరిగే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. దిగాలనుకున్న స్టేషన్లో రైల్వే వాళ్లు ఆ బోగీని రైలు నుంచి విడదీసి సైడింగులో నిలబెట్టేవారు. మన పని అయ్యాక మరో రైలుకు తగిలించి పంపేవారు. పెళ్లివారు, కాశీయాత్రల వాళ్లు ఈ సదుపాయాన్ని వాడుకున్నారు. వ్యవసాయ కళాశాలలు మాత్రం దాన్ని ఏకంగా తరగతి గదిగా మార్చుకున్నాయి. బాపట్లలో ఏజీ బీఎస్సీ ఆఖరి ఏడాది వాళ్లకు ‘ఆల్ ఇండియా టూరు’ అంటే అదే. ఆ బోగీయే మా హాస్టలు, ఆ బోగీయే మా మెస్సు.

నేను చెప్పేది 1978 శీతాకాలం మాట. దివిసీమ ఉప్పెన వచ్చి అప్పటికి ఏడాది. చాలామంది ఇళ్లలో పంట దెబ్బ ఇంకా తీరలేదు. టూరు డబ్బు కట్టమని నోటీసు పడగానే ఊళ్లకు ఉత్తరాలు వెళ్లాయి. ఒకరి నాన్న గాదెలోని వడ్లు అమ్మారు, మరొకరి అన్నయ్య సొసైటీలో అప్పు తీశారు. ‘ఊళ్లు తిరగడానికి డబ్బా?’ అని అడిగిన పెద్దవాళ్లు లేకపోలేదు. అయినా డబ్బు వచ్చేది. చదువులో భాగమని కాలేజీ చెబితే కాదనే అలవాటు అప్పటి రైతు ఇళ్లకు లేదు.

1945లో మొదలైన మా కళాశాల అప్పటికి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. 1964లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టింది 1996లో. కళాశాల నుంచి రైల్వేకు ముందే ఉత్తరాలు నడిచేవి. విద్యార్థుల రాయితీ ఫారాలు, పేర్ల పట్టిక, ఏ ఊళ్లో ఎన్ని గంటలు బోగీ నిలవాలో చెప్పే కాగితం తయారయ్యేవి. మేమేమో హోల్డాళ్లు, ట్రంకు పెట్టెలు సర్దుకున్నాం. ఆవకాయ జాడీలు, కందిపొడి డబ్బాలు, బియ్యం బస్తాలు, వంటపాత్రలు బోగీ చివర ఒక కూపేలో పేర్చారు. మెస్సులో వండే బాబాయి మాతోనే బయల్దేరాడు. ఉన్న కొద్దిమంది ఆడపిల్లలకు, వాళ్లకు తోడు వచ్చిన మేడంగారికి మరో చివర చోటిచ్చి, మధ్యలో దుప్పటి తెరగా కట్టారు.

అసలు టూరుకు ముందు దగ్గరి కేంద్రాలకు బస్సులో తీసుకువెళ్లేవారు. వాటిలో మార్టేరును మరిచిపోలేను. పశ్చిమగోదావరిలో 1925లో మొదలైన వరి పరిశోధనా కేంద్రం అది. మేం వెళ్లేసరికి సార్వా వరి పూత మీద ఉంది. సంకరం చేయడం గురించి పుస్తకంలో చదివాం, పరీక్షలో బొమ్మ కూడా వేశాం. చేతితో చేసింది మాత్రం అక్కడే.

వరి పువ్వు పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య విచ్చుకుంటుంది. అంతలోపే తల్లిగా ఎంచుకున్న కంకిలో పని ముగించాలి. ఒక్కో పువ్వు పైకొసను చిన్న కత్తెరతో కత్తిరించి, లోపల ఉన్న ఆరు పుప్పొడి తిత్తులను సన్నటి పట్టకారుతో బయటికి తీయాలి. ఒక్కటి మిగిలినా ఆ గింజ తన పుప్పొడితోనే కట్టేస్తుంది, సంకరం కాదు. తరువాత తండ్రి కంకిని తెచ్చి దాని మీద దులిపి, కాగితం సంచి తొడిగి, చీటీ కట్టాలి. మా వాళ్లు ఒక్కో పువ్వు మీద ఐదారు నిమిషాలు కుస్తీ పడుతుంటే ఫారం మేస్త్రీ పంచె ఎగగట్టి గట్టు మీద కూర్చుని కంకి మొత్తం పూర్తి చేసేశాడు. “ఊపిరి గట్టిగా వదలకండి బాబూ, పుప్పొడి ఎగిరిపోద్ది. చెయ్యి కదలకుండా ఉంటే చాలండి, ఆయ్,” అన్నాడు. ఆయన చదువు ప్రాథమిక పాఠశాలతో ఆగింది. అక్కడి శాస్త్రవేత్తలు మాత్రం సంకరాల పని వచ్చిందంటే ముందు ఆయన్నే పిలిచేవారు.

మార్టేరుకు దగ్గర్లోనే ఆచంట. ఆ ఊరి రైతు నెక్కంటి సుబ్బారావు గారు 1967లో ఐఆర్-8 వరి వేసి దండిగా పండించి పేరు తెచ్చుకున్నారు. ఐఆర్-8 దిగుబడి ఇచ్చింది కానీ దాని అన్నం మన వాళ్లకు నచ్చలేదు, గింజ లావు. డెబ్బయ్యో దశకంలో సుడిదోమ గోదావరి జిల్లాల చేలను చుట్టుముట్టింది. కాబట్టి అప్పుడు మార్టేరులో పనంతా ఒకే లెక్క మీద నడిచేది. దిగుబడి తగ్గకూడదు, అన్నం బాగుండాలి, చేను తట్టుకోవాలి. మేం దాటుకుంటూ పోయిన మళ్లలో చీటీల మీద అంకెలే తప్ప పేర్లు లేవు. అలా అంకెతో మొదలైన 7029 అనే రకమే 1982లో ‘స్వర్ణ’గా విడుదలై ఆంధ్ర దాటి ఒడిశా, బెంగాల్ దాకా వెళ్లింది.

నవంబరులో బోగీ కదిలింది. మద్రాసు మీదుగా మొదటి పెద్ద మజిలీ కోయంబత్తూరు. అక్కడి చెరకు ప్రజనన కేంద్రం 1912లో ఏర్పడింది. మాలో సగం మంది చెరకు తోటల మధ్య పుట్టి పెరిగిన వాళ్లమే. చెరకు అంటే మాకు ముచ్చెలే. గడ కొట్టి, కన్ను చూసి ముచ్చెలు నరికి, సాళ్లలో పూడ్చి నీళ్లు పెడతారు. చెరకుకు గింజ ఉంటుందని పాఠంలో విన్నా ఎవరం కళ్లతో చూడలేదు. కోయంబత్తూరులో ఆ నెలల్లో చెరకు విరగబూస్తుంది. కేంద్రాన్ని అక్కడ పెట్టిందే అందుకు. మనిషికి రెండింతల ఎత్తున లేచిన పూత కంకులకు గుడ్డ సంచులు తొడిగి ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్త ఒక ఎండిన కంకిని మా అరచేతుల్లో నలిపి చూపించారు. మిగిలింది తెల్లటి నూగు. అందులో వెతికి వెతికి పట్టుకుంటే ఆవగింజ కన్నా చిన్నదొకటి దొరికింది. అదే చెరకు గింజ.

ఆ గింజ వెనక కథ అంతకన్నా వింత. మందపు, రసమెక్కువ ఉన్న చెరకును అక్కడి శాస్త్రవేత్త బార్బర్, ఆయన తరువాత టి.ఎస్. వెంకట్రామన్ పట్టుకుని అడవి జాతితో సంకరం చేశారు. ఆ అడవి జాతి మరేదో కాదు, గోదావరి లంకల్లో, కాలవ గట్ల మీద పెరిగే రెల్లుగడ్డి. అలా వచ్చిన కో-205 అనే రకాన్ని 1918లో ఉత్తరాది రైతులకు ఇచ్చారు. తరువాత దక్షిణాన కో-419 ఏలింది. 1930లలో ఇ.కె. జానకి అమ్మాళ్ అనే వృక్షశాస్త్రవేత్త ఇక్కడే చెరకు సంకరాల మీద పనిచేశారు. మనం దొడ్డి పాకలకు కప్పే రెల్లు మన కాఫీలో పంచదారకు పుట్టింటి చుట్టమని ఆ రోజు తెలిసింది. ఆ సాయంత్రం సైడింగుకు తిరిగొచ్చి టీ తాగుతూ ఇదే మాట. అనకాపల్లి వైపు నుంచి వచ్చిన మిత్రుడు మాత్రం నమ్మలేదు. “మా నాన్నకు చెబితే కాలేజీ మాన్పిస్తాడురా,” అన్నాడు.

సైడింగు జీవితం వేరే లోకం. రాత్రి ఏ రెండింటికో షంటింగు ఇంజను వచ్చి తగిలేది. ఆ కుదుపుకు ట్రంకు పెట్టెలు జరిగేవి, నిద్ర చెడినవాళ్లు గార్డును, డ్రైవరును, ఆఖరికి టూరు వేసిన మాస్టారినీ కలిపి తిట్టుకునేవారు. తెల్లారి చూస్తే మా బోగీ ఒక్కటే నాలుగైదు గూడ్సు పెట్టెల పక్కన ఉండేది. బోగీ గోడ మీద సుద్దముక్కతో రైల్వే వాళ్లు రాసిన అంకెలు, ఊళ్ల పేర్లు ఉండేవి. వాటిని బట్టే మా చిరునామా తెలిసేది. పట్టాల పక్కన ఇటుకలు పేర్చి బాబాయి పొయ్యి వెలిగించేవాడు. అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు దొరికితే పెరుగు. దొరక్కపోతే మజ్జిగ పేరుతో ఏదో ఒకటి. కూరలు కొనే వంతు మాది. బజారుకు వెళ్లిన ఇద్దరూ ధర రాసుకుని రావాలి. ఏ ఊళ్లో వంకాయ ఎంత, ఉల్లి ఎంత అని మాస్టారు రాత్రి అడిగేవారు. మార్కెటింగు పాఠం అలా కూడా జరిగేది.

అనుకున్న సమయం కన్నా బోగీ ఎక్కువ సేపు నిలిస్తే గంటల లెక్కన రుసుము కట్టాలి. మాస్టారికి అందుకే చేతి గడియారం మీద నుంచి చూపు తిరిగేది కాదు. ఫారంలో ఎవరైనా ప్రశ్న మీద ప్రశ్న వేస్తే ఆయన ముఖంలో సంతోషం, కంగారు కలిసి కనబడేవి.

బెంగుళూరు నుంచి మైసూరుకు అప్పుడు మీటరు గేజి. మా బ్రాడ్ గేజి బోగీ ఆ పట్టాల మీద నడవదు. బోగీని బెంగుళూరులో వదిలి, చిన్న రైలెక్కి మైసూరు వెళ్లాం. అక్కడి కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ 1950 నాటిది. గేదె పాలతో పసిపిల్లల ఆహారం తయారు చేసే విధానాన్ని కనిపెట్టింది ఆ సంస్థే. పాలల్లో కొవ్వు ఎక్కువని, పసివాళ్లకు అరగదని, పొడి చేయడమూ కష్టమని బయటి దేశాల నిపుణులు గేదె పాలను పక్కన పెట్టిన కాలంలో జరిగిన పని అది. ఆ విధానం గుజరాత్‌లో ఎలా అక్కరకొచ్చిందో కొన్ని రోజుల్లోనే చూశాం. అరక్కోణం, గుంతకల్లు మీదుగా బొంబాయి చేరి, అక్కడి నుంచి ఆనంద్ వెళ్లాం.

ఆనంద్‌లో పాల ఫ్యాక్టరీ పెద్దదే. పైపులు, ఆవిరి, పొడి కురిసే గది అన్నీ చూశాం. కైరా జిల్లా పాల సంఘం 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ పెద్దరికంలో మొదలైంది, తరువాత దాన్ని నడిపిన కురియన్ 1949లో ఆ ఊరు వచ్చారు, గేదె పాలపొడి 1955లో తయారైంది. ఇవన్నీ రికార్డులో రాసుకున్నాం. నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆ సాయంత్రం చూసిన పల్లెటూరి సొసైటీ. చిన్న గది, అరుగు, ముందు వరుస. వరుసలో ఎక్కువమంది ఆడవాళ్లు, చేతుల్లో ఇత్తడి చెంబులు, చిన్న క్యాన్లు. ముందొచ్చిన వాళ్లు ముందు. పటేళ్ల ఇల్లాలి వెనక కూలి ఇంటి మనిషి, ఆమె వెనక మళ్లీ ఇంకో ఆసామి కోడలు. పాలు కొలిచి, ఒక్కొక్కరి పాల నుంచి కొంచెం చిన్న సీసాలోకి తీసి వెన్న శాతం చూసేవారు. దాని ప్రకారం ధర. సాయంత్రం పోసిన పాలకు మర్నాడు పొద్దున డబ్బు చేతికిచ్చేవారు.

కృష్ణా జిల్లా మిత్రుడు అది చూసి ఊరుకోలేదు. “మా ఊళ్లో పాలవాడి కొలతపాత్ర అడుగు బయటికి ఉబ్బి ఉంటుందిరా. నింపిన ప్రతిసారీ పావు గ్లాసు వాడికే,” అన్నాడు. వరుసలో ఉన్న ఒకామె హిందీలో మా గేదెలు ఎన్ని పాలిస్తాయని అడిగింది. వీడు ముర్రా గేదె గొప్పలు మొదలుపెట్టాడు. ఆమె అంతా విని, మరి డబ్బు ఎన్నాళ్లకిస్తారని అడిగింది. మావాడి దగ్గర జవాబు లేదు. ఆనంద్ నుంచి వచ్చాక మా వాళ్లలో కొందరు పాడి శాఖలోకి వెళ్లారంటే ఆమె ప్రశ్నకు అందులో కొంత వాటా ఉందని నా నమ్మకం.

ఉత్తరాదిని త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే చలికి వణకడంలోనే సగం కాలం పోయింది. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థ 1905లో బీహారులోని పూసా గ్రామంలో పుట్టింది. 1934 భూకంపంలో భవనం దెబ్బతిని 1936లో ఢిల్లీకి వచ్చింది, ఊరి పేరు వెంట తెచ్చుకుంది. కర్నాల్‌లో పాడి పరిశోధనా సంస్థ, లూధియానాలో 1962 నాటి పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం చూశాం. పంజాబులో గోధుమ చేలు చూసిన తొలి నిమిషంలో మాకు కలిగింది మెచ్చుకోలు కాదు, అసూయ. చెక్కినట్టున్న మడిగట్టు, ప్రతి కమతానికి బోరు, రోడ్డెక్కితే ట్రాక్టరు. ఒక్క స్వెట్టరును ఇద్దరు వంతులేసుకుని తిరిగిన మాకు ఆ సంపద మరీ పెద్దదిగా కనబడి ఉంటుంది. అగ్ఫా క్లిక్ కెమెరాలో రీలుకు పన్నెండు ఫొటోలే వస్తాయి. లూధియానాలో ట్రాక్టరు పక్కన నిలబడ్డ ఫొటో కోసం జరిగిన తగువు ఇప్పటికీ మా బ్యాచిలో తెగలేదు.

హౌరా మీదుగా తిరుగు దారిలో కటక్. 1943 బెంగాల్ కరువు తరువాత, 1946లో, వరి కోసం పెట్టిన కేంద్రం అది. కె. రామయ్య దాని మొదటి డైరెక్టరు. 1950లలో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అక్కడ మన ఉష్ణదేశపు వరిని, జపాన్ తరహా వరిని సంకరం చేసే పెద్ద కార్యక్రమం నడిచింది. వేర్వేరు దేశాల కోసం అక్కడే సంకరాలు చేసి గింజ పంపేవారు. మలేసియాకు పంపిన గింజల్లోంచి అక్కడివారు ఎంచుకున్న ఒక రకాన్ని 1965లో విడుదల చేశారు. దాని పేరు మసూరి. అది తిరిగి మన దేశానికి వచ్చి కోస్తా జిల్లాల్లో స్థిరపడింది.

ఇక్కడ ఆగి ఒక లెక్క చెప్పాలి. మార్టేరు స్వర్ణ, వశిష్ఠ అనే రకానికీ మసూరికీ పుట్టింది. మా బాపట్లలోనే తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబమసూరి, మూడు రకాల కలయిక. ఒకటి కోయంబత్తూరు నుంచి వచ్చిన జీఈబీ-24, రెండోది తైవాన్ పొట్టి రకం టీఎన్-1, మూడోది ఈ మసూరి. అంటే బోగీలో మేం తిరిగిన దారీ, ఈ రోజు మన కంచంలోకి అన్నం వచ్చిన దారీ చాలావరకు ఒకటే. చూసిన రోజున ఆ సంగతి మాకు తెలియదు, అప్పటికి సాంబమసూరి విడుదలే కాలేదు. తరువాత ఉద్యోగంలో ఉండగా వంశవృక్షం చూసినప్పుడు ప్రతి పేరు పక్కన ఒక స్టేషను, ఒక ఫారం, ఒక మనిషి గుర్తొచ్చారు.

చివరి మజిలీ అనకాపల్లి. అక్కడి చెరకు పరిశోధనా కేంద్రం 1913 నాటిది. కోయంబత్తూరులో అరచేతిలో చూసిన నూగు ఇలాంటి కేంద్రాలకు వచ్చి మొలకవుతుంది. వేల మొలకల్లోంచి ఏరుకుంటూ పోతే ఏళ్ల తరబడి పని తరువాత ఒక రకం నిలుస్తుంది. బయటికొస్తే బెల్లం మార్కెట్. దిమ్మలు వరుసలుగా పేర్చి ఉన్నాయి. కొనుగోలుదారు దిమ్మ కొస విరిచి, రంగు చూసి, నోట్లో వేసుకుని ధర పలుకుతున్నాడు. పక్కనే రైతు ఏమీ మాట్లాడకుండా అతని ముఖం చూస్తున్నాడు. గింజ నుంచి బేరం దాకా ఒక పంట బతుకంతా ఒకే టూరులో కళ్లబడింది. మాకు దక్కిన చదువు అదీ.

ఆ తరహా టూరు ఇప్పుడు లేదు. బోగీ అద్దెకు తీసుకునే పద్ధతి రైల్వేలో నేటికీ ఉన్నా, దాని ధరావతు, చార్జీలు విద్యార్థుల స్థోమతకు మించినవి. సైడింగు పక్కన పొయ్యి పెడితే కేసు పెడతారు, పెట్టడమే న్యాయం కూడా. వ్యవసాయ డిగ్రీలో విద్యాయాత్ర ఇప్పటికీ ఉంది, కానీ చాలాచోట్ల అది కొద్ది రోజుల బస్సు ప్రయాణం. దానికి బదులుగా వచ్చినవి మంచివే. పల్లెలో నెలల తరబడి రైతు ఇంటి దగ్గర ఉండి నేర్చుకునే కార్యక్రమం మాకు లేదు. 2015లో మొదలైన ‘స్టూడెంట్ రెడీ’ అనే కార్యక్రమంలో కంపెనీల్లో పని నేర్చుకునే అవకాశమూ ఉంది. రైతు పొలంలో ఉన్న అనుభవంలో మాకన్నా ఇప్పటి పిల్లలు ముందున్నారు.

పోయిందల్లా గింజ నుంచి బేరం దాకా చూసే ఆ వరుస. ఇప్పటి విద్యార్థి ఒక పల్లె చూస్తాడు, ఒక కంపెనీ చూస్తాడు, వీలుంటే ఒక ప్రయోగశాల. ఒకదాని నుంచి మరొకదానికి ఉన్న దారి తెర మీద గీసిన బాణం గుర్తుగానే మిగులుతోంది. చూద్దామన్నా కొన్ని చోట్లు లేవు. 1930లలో మొదలై ఆసియాలో పెద్ద చక్కెర మిల్లుగా పేరు పడిన బోధన్ నిజాం షుగర్స్ 2015లో మూతపడింది. కోస్తాలో సహకార మిల్లులు కొన్ని ఏళ్లుగా తాళాలతో ఉన్నాయి. ప్రభుత్వ పరిశోధనా కేంద్రాల్లో ఖాళీలు పెరిగాయి. కంకి మీద చెయ్యి తిరిగిన పాత మేస్త్రీల స్థానంలో రోజు కూలీలు వస్తున్నారు. వచ్చిన కూలీ మర్నాడు రావచ్చు, రాకపోవచ్చు. సంకరం చేసే చెయ్యి ఒక్కరోజులో తయారు కాదు.

మా తరం వాళ్లం ఇప్పుడు పదవీ విరమణ చేసి, బ్యాచిల వారీగా కలుసుకుని, హోటళ్లలో విందులు చేసుకుని, జ్ఞాపికలు పంచుకుంటున్నాం. తప్పు లేదు. ఆ ఖర్చులో నాలుగో వంతు పక్కన పెట్టి, ఏటా ఒక తరగతి పిల్లల్ని మార్టేరు, కోయంబత్తూరు, ఆనంద్, కటక్, అనకాపల్లి తిప్పి తీసుకురావచ్చు. బోగీ అక్కర్లేదు, మామూలు రిజర్వేషను టికెట్లు చాలు. ఆయా కేంద్రాల్లో మనవాళ్లు ఇంకా ఉన్నారు, ఒక్క ఫోను చేస్తే గేటు తీస్తారు. పిల్లలు సాంబమసూరి వంశవృక్షాన్ని పరీక్ష కోసం కంఠతా పట్టే అవసరం అప్పుడు ఉండదు. ఏ కాలేజీదైనా, ఈ పని మొదలుపెట్టే పూర్వ విద్యార్థుల సంఘానికి నా వంతు చందా ముందే పంపుతాను.